సొగసు – సామర్థ్యం

(రాయ్‌పూర్‌లో తెలుగు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాయ్‌పూర్ నగరంలో తెలుగులో ప్రసంగించే అవకాశం లభించినందుకు ఎంతో సంతోషిస్తున్నాను. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం ఈ నగరానికీ ఆంధ్ర తీరానికీ చుట్టరికం కలిపింది. మీలో పలువురి తాతలు, ముత్తాతలు ఉద్యోగార్థులై ఆ బండిలోనే ఇక్కడికి వచ్చి ఉంటారు. ఈనాటి నా ప్రసంగానికి కూడా రైలుతోను, ఈ నగరంతోను కొంత సంబంధం ఉన్నది.

సాంకేతిక విజ్ఞానంలోను, క్రీడలలోను పైసొగసు ప్రధానమా, అసలు సామర్థ్యం ప్రధానమా అన్నది నిర్వాహకులు నాకిచ్చిన విషయం. దీనికి మన పెద్దలు ఎప్పుడో సమాధానం చెప్పారు కదా అని మీకు అనిపించవచ్చు. "పైన పటారం, లోన లొటారం" అన్న సామెత తెలియని తెలుగువారు అరుదు. అయితే సమస్య అంత తేలికగా తెగేది కాదు. మొదటినుంచీ లోపల ఏమీ లేని పటారాన్ని గుర్తించడం సులభం. ఒకప్పుడు నిజమైన సామర్థ్యం నుంచి పుట్టిన సొగసు, పరిస్థితులు మారిన తర్వాత వట్టి సొగసుగా మిగిలిపోయినప్పుడు దానిని గుర్తించడం కష్టం. గుర్తించినా ఒప్పుకోవడం మరీ కష్టం. మన దేశపు హాకీకి సంభవించినది అదే. కాబట్టి ఎక్కువ సమయం హాకీకే కేటాయిస్తాను.

ఇక్కడికి రెండు గంటల రైలు ప్రయాణ దూరంలో బిలాస్‌పూర్ ఉన్నది. ఆ రైల్వే పట్టణంలో 1927 మార్చి 25న లెస్లీ క్లాడియస్ జన్మించారు. ఖరగ్‌పూర్‌లో బెంగాల్–నాగపూర్ రైల్వేవారి వద్ద ఫుట్‌బాల్ ఆడుతూ హాకీలోకి మళ్ళిన ఆయన 1948, 1952, 1956 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకాలు, 1960లో జట్టు నాయకుడిగా రజత పతకం సాధించారు. హాకీలో నాలుగు ఒలింపిక్ పతకాలు గడించినవారు ఆయన, ఉధమ్ సింగ్ – ఇద్దరే భారతీయులు. 2012లో లండన్ ఒలింపిక్స్ సందర్భంగా ఆ నగరపు భూగర్భ రైల్వే స్టేషన్లకు క్రీడా ప్రముఖుల పేర్లు పెట్టి ఒక పటం వేశారు. అందులో మన ధ్యాన్‌చంద్, రూప్‌సింగ్‌లతోపాటు క్లాడియస్ పేరు కూడా ఒక స్టేషనుకు పెట్టారు. రైల్వే ఊరి బిడ్డకు రైల్వే స్టేషను ఇవ్వడం, అనుకోకుండా జరిగినా, ఔచిత్యం గల సత్కారమే.

ఆ తరంవారి ఆటను చూసినవారు దానిని నాట్యంతో పోల్చేవారు. కర్ర వంపును అటూ ఇటూ తిప్పుతూ, బంతిని కర్రకు అంటిపెట్టుకొని, ఎదురు వచ్చినవానిని ఊరించి తప్పించుకొని పోవడం ఆ ఆటలోని అందం. ధ్యాన్‌చంద్ కర్రలో అయస్కాంతం ఉన్నదేమోనని విదేశీయులు దానిని విరిచి చూశారన్న కథ మీరు వినే ఉంటారు. అది కథే. అయినా మనుష్యుల స్వభావాన్ని బాగా పట్టి ఇస్తుంది. ఎదుటివాని నైపుణ్యం అర్థం కానప్పుడు అది పనిముట్టులో దాగి ఉన్నదని అనుకోవడం మనకు తేలిక.

నిజానికి ఆ అందం అవసరంలోంచి పుట్టినది. గడ్డి మైదానం ఎంత చదును చేసినా గతుకులు ఉండక తప్పదు. 160 గ్రాముల గట్టి బంతి దూరం నుంచి వస్తుంటే ఎక్కడ ఎగురుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియదు. అటువంటి నేలమీద బంతిని దూరంగా కొట్టడం జూదం. దగ్గర ఉంచుకోవడం వివేకం. ఆ అవసరానికి తగినట్లే మన వడ్రంగులు మల్బరీ కొయ్యను వంచి, వంపు భాగాన్ని పొట్టిగా చేశారు. దానితో కర్రను క్షణంలో తిరగేసి బంతిని ఎడమవైపు నుంచి కూడా ఆడవచ్చు. నేల, పనిముట్టు, మణికట్టు – మూడూ ఒకదానికొకటి అతికినట్లు కుదిరాయి. అక్కడ సొగసు, సామర్థ్యం వేరువేరు కావు.

1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో మన జట్టు పాకిస్థాన్‌ను 2–1 గోల్స్‌తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచింది. మరుసటి సంవత్సరం మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని మొట్టమొదటిసారిగా కృత్రిమ పచ్చికమీద ఆడించారు. మనం ఆస్ట్రేలియా చేతిలో 1–6 తేడాతో ఓడి, చివరకు ఏడవ స్థానంలో నిలిచాము. 1928 నుంచి అప్పటి వరకు ఒలింపిక్ హాకీలో మనకు పతకం రాకపోవడం అదే ప్రథమం.

కృత్రిమ పచ్చిక చేసిన మార్పు ఏమిటో కొంచెం వివరిస్తాను. ఆ నేల బల్లవలె చదునుగా ఉంటుంది. దానిని నీటితో తడపడం వల్ల బంతికి, నేలకు మధ్య రాపిడి తగ్గి బంతి జారుతూ వేగంగా పోతుంది, తిన్నగా పోతుంది. ఎక్కడికి వస్తుందో ముందే తెలుస్తుంది కనుక నలభై గజాల నుంచి కొట్టిన బంతిని కూడా నమ్మకంగా అందుకోవచ్చు. బంతిని తనవద్ద ఉంచుకొని ముగ్గురిని తప్పించేవానికంటె, మూడు దెబ్బలలో దానిని మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు చేర్చే జట్టుకు లాభం. గడ్డి బంతిని నెమ్మది చేస్తుంది గనుక అలసినవానికి కాస్త ఊపిరి పీల్చుకొనే వ్యవధి దొరికేది. ఇక్కడ అది లేదు. పరుగు పెరిగింది, వంగి ఆడవలసిన అవసరం పెరిగింది, పెనాల్టీ కార్నర్ విలువ పెరిగింది.

"ఆడలేక మద్దెల ఓడు" అన్నారు కదా. మన విషయంలో మద్దెల నిజంగానే మారింది. మనకు అప్పట్లో అటువంటి మైదానాలు దాదాపు లేవు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు వేళ్ళమీద లెక్కించదగినన్నే. మన కళను దెబ్బ తీయడానికే సంపన్న దేశాలు ఈ నేలను తెచ్చాయన్న వాదం ఈనాటికీ వినిపిస్తుంది. ఆ వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. ఖరీదైన నేల పేద దేశాలకు భారమే. కాని మాంట్రియల్‌లో స్వర్ణం గెలిచినవారు ఎవరు? న్యూజిలాండ్. ఆ జట్టు పెరిగినదీ గడ్డి మైదానాలమీదే. కాంస్యం పొందిన పాకిస్థాన్‌ది మన ఆటే, మన నేలే. కాబట్టి ఓటమికి మద్దెలను మాత్రమే కారణంగా చూపడం సరికాదని నా అభిప్రాయం.

అంతకంటె ప్రమాదకరమైనది నాలుగేళ్ళ తర్వాత జరిగింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో మనకు ఎనిమిదవ స్వర్ణం వచ్చింది. ఆ జట్టు స్పెయిన్‌తో ఆడిన ఫైనలు 4–3తో ముగిసిన గట్టి పోటీ. ఆ ఆటగాళ్ళ శ్రమను నేను చిన్నచూపు చూడడం లేదు. అయితే ఆస్ట్రేలియా, పాకిస్థాన్, పశ్చిమ జర్మనీ, నెదర్లాండ్స్, న్యూజిలాండ్ ఆ పోటీలలో పాల్గొనలేదు. ఉన్నవి ఆరు జట్లు. మనం టాంజానియాపై 18, క్యూబాపై 13 గోల్స్ చేశాము. దేశం పతకాన్ని చూసింది. పతకం వెనుక ఉన్న బలాన్ని కొలవలేదు. రెండేళ్ళు దాటిన కొద్ది నెలలకే, 1982 డిసెంబరు 1న ఢిల్లీ ఏషియన్ క్రీడల ఫైనలులో, స్వంత ప్రేక్షకుల ఎదుట పాకిస్థాన్ చేతిలో 1–7 తేడాతో ఓడిపోయాము. 1986 లండన్ ప్రపంచ కప్పులో పన్నెండు జట్లలో పన్నెండవ స్థానం. 2008లో ఒలింపిక్స్‌కు అర్హతే రాలేదు. 2012లో మళ్ళీ చివరి స్థానం. ఈ కాలమంతటా మన వ్యాఖ్యాతలు "కళాత్మకమైన ఆట" అనే మాటను విడిచిపెట్టలేదు. హైదరాబాదుకు చెందిన ముఖేశ్ కుమార్ వంటి వేగవంతులు 1992, 1996, 2000 – మూడు ఒలింపిక్స్‌లలో పరుగెత్తి అలసినా జట్టుకు పతకం దక్కలేదు.

పతకానికే కాదు, గడియారంలోని అంకెకు కూడా పైసొగసు ఉండగలదు. 2008లో స్పీడో సంస్థ ఈతగాళ్ళకోసం ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ అనే దుస్తును విడుదల చేసింది. అది శరీరాన్ని బిగించి, నీటి రాపిడిని తగ్గించేది. మరుసటి ఏడు ఇతర సంస్థలు పూర్తిగా పాలీయురేతేన్‌తో చేసిన దుస్తులు తెచ్చాయి. 2009 రోమ్ ప్రపంచ పోటీలలో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. జర్మనీకి చెందిన పాల్ బీడర్‌మన్ 400 మీటర్ల ఫ్రీస్టయిల్‌ను 3 నిమిషాల 40.07 సెకండ్లలో ఈది, ఇయాన్ థార్ప్ రికార్డును సెకండులో నూరవ వంతు తేడాతో దాటారు. 2010 జనవరి 1 నుంచి ఆ దుస్తులను నిషేధించారు. ఆ తర్వాత బీడర్‌మన్ ఆ వేగాన్ని తిరిగి అందుకోలేదు. ఆ రికార్డును మామూలు వస్త్రపు దుస్తుతో దాటడానికి 2025 ఏప్రిల్ వరకు, లూకాస్ మార్టెన్స్ వచ్చేదాకా, ఆగవలసి వచ్చింది. ఇక్కడ దుస్తు వట్టి పటారం కాదు. అది నిజంగా పని చేసింది. ఆ పని ఎవరి ఖాతాలో వేయాలన్నదే ప్రశ్న.

పనిముట్టును పూర్తిగా తృణీకరించడం కూడా నాకు నచ్చదు. 1960లో రోమ్ నగర వీధులలో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా చెప్పులు లేకుండా మారథాన్ గెలిచిన సంగతిని మన ఉపన్యాసకులు తరచు చెబుతారు. 1964లో టోక్యోలో ఆయనే బూట్లు వేసుకొని పరుగెత్తి, అంతకంటె మూడు నిమిషాలు తక్కువ సమయంలో గెలిచిన సంగతి చెప్పరు.

బరువులెత్తే పోటీల చరిత్రలో మరొక విశేషం ఉన్నది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ వరకు అందులో "ప్రెస్" అనే మూడవ విధానం ఉండేది. భుజాల దగ్గర నుంచి బరువును చేతుల బలంతోనే పైకి లేపాలి. పోటీదారులు నడుము వెనక్కు వంచి ఉపాయంతో లేపడం మొదలుపెట్టారు. ఎవరు సక్రమంగా లేపారో, ఎవరు వంగి లేపారో న్యాయనిర్ణేతలు తేల్చలేకపోయారు. చివరకు ఆ విధానాన్నే తొలగించారు. మిగిలిన రెండింటిలో వివాదానికి చోటు తక్కువ. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆమె భంగిమ ఎంత చూడముచ్చటగా ఉన్నదని ఎవరూ అడగలేదు.

క్రీడలను కాస్సేపు పక్కన పెట్టి, మీ పొరుగున ఉన్న భిలాయికి రండి. అక్కడి ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశంలో మన రైళ్ళు పరుగెత్తే పట్టాలలో అత్యధిక భాగం అక్కడ తయారైనవే. 130 మీటర్ల పట్టాలను రెండేసి అతికి 260 మీటర్ల పొడవున పంపుతారు. కొత్త పట్టా చూడడానికి ఏమంత బాగుండదు. దాని మంచిచెడ్డలు కంటికి కనబడేవి కావు. కరిగిన ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల పాళ్ళకు 1.6 పాళ్ళు మించకూడదు. మించితే ఉక్కు చల్లారిన తర్వాత లోపల వెంట్రుకవాసి పగుళ్ళు పుడతాయి. అవి సంవత్సరాలపాటు చక్రాల బరువుకు మెల్లగా పెరిగి ఒకనాడు పట్టా విరుగుతుంది. అందుచేత శూన్యంలో ఉక్కును ఉంచి ఆ వాయువును లాగివేస్తారు. తర్వాత మన చెవికి వినబడని ధ్వని తరంగాలను పట్టా గుండా పంపి లోపలి లోపాన్ని పట్టుకుంటారు. మీరు స్టేషనులో చూసే పట్టా తల తళతళలాడుతూ ఉంటుంది. ఆ మెరుపు కర్మాగారంలో పెట్టినది కాదు. బండ్లు నడవడం వల్ల వచ్చినది. బండి తిరగని పక్కదారి పట్టాకు తుప్పే.

ఈ కొలతతో ఇక్కడి మైదానాలను చూద్దాము. నవా రాయ్‌పూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ క్రికెట్ స్టేడియం 2008లో సిద్ధమయింది. దేశంలోని పెద్ద స్టేడియాలలో అది ఒకటి. కాని ఛత్తీస్‌గఢ్ క్రికెట్ సంఘానికి జాతీయ బోర్డు పూర్తి సభ్యత్వం 2016లో గాని రాలేదు. ఆ తర్వాతే ఈ రాష్ట్రపు జట్టు రంజీ ట్రోఫీలో అడుగు పెట్టింది. అక్కడ మొదటి అంతర్జాతీయ పోటీ 2023 జనవరి 21న జరిగింది. న్యూజిలాండ్ 108 పరుగులకే కూలిపోగా మనవారు ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచారు. అంటే భవనం ముందు వచ్చింది, స్వంత జట్టు ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చింది. ఇది ఈ రాష్ట్రపు లోపమే అనను. దేశమంతటా పునాదిరాయికి ఉన్న ఆకర్షణ శిక్షకుని నియామకానికి లేదు.

హాకీ విషయంలో రాయ్‌పూర్ అదృష్టం వేరు. 2015 నవంబరు 27 నుంచి డిసెంబరు 6 వరకు ఇక్కడి సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ అంతర్జాతీయ హాకీ స్టేడియంలో ప్రపంచ హాకీ లీగ్ తుది పోటీలు జరిగాయి. మీలో కొందరు పెద్దలు చూసే ఉంటారు. ప్రారంభ దశలో మనవారి ఫలితాలు ఏమాత్రం ఉత్సాహకరంగా లేవు. అర్జెంటీనా చేతిలో 0–3, నెదర్లాండ్స్ చేతిలో 1–3 ఓటమి; జర్మనీతో 1–1 సమం. క్వార్టర్ ఫైనలులో గ్రేట్ బ్రిటన్‌ను 2–1తో గెలిచి, సెమీ ఫైనలులో బెల్జియం చేతిలో 0–1తో ఓడారు. కాంస్య పతకంకోసం మళ్ళీ నెదర్లాండ్స్‌తోనే ఆడవలసి వచ్చింది. ఆట 5–5తో ముగిసింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ శ్రీజేశ్ అడ్డు నిలవగా 3–2తో మన జట్టు గెలిచింది. 1982 తర్వాత, అంటే 33 సంవత్సరాలకు, ప్రపంచ హాకీ సమాఖ్య నిర్వహించే పెద్ద పోటీలో మన పురుషులకు లభించిన మొదటి పతకం అది. అది దక్కినది ఈ ఊరిలో.

అంతటితో సంబరపడి ఉంటే 1980 కథే పునరావృతమయ్యేది. మరుసటి ఏడు రియో ఒలింపిక్స్‌లో మన స్థానం ఎనిమిది. అయితే ఈసారి తేడా ఉన్నది. ఆటగాని వీపుమీద బనియను కింద ఒక చిన్న పరికరం ఉంటుంది. అతడు ఎంత దూరం పరుగెత్తాడో, అందులో పూర్తి వేగంతో ఎంతో, ఏ నిమిషంలో నెమ్మదించాడో అది చెబుతుంది. ఎవరిని ఎప్పుడు వెనక్కు పిలవాలో, ఎవరిని పంపాలో ఆ లెక్క చూసి నిర్ణయిస్తారు. ప్రేక్షకునికి ఆ పరికరం కనబడదు. కనబడే కర్ర రంగుకంటె, బూటు ముద్రకంటె అదే ఎక్కువ పని చేసింది. 2021లో జర్మనీని 5–4తో ఓడించి టోక్యో కాంస్యం, 2024లో స్పెయిన్‌ను 2–1తో ఓడించి పారిస్ కాంస్యం గెలుచుకున్నాము. పారిస్‌లోనే ఆస్ట్రేలియాను 3–2తో గెలిచాము. ఒలింపిక్స్‌లో వారిపై గెలుపు 1972 తర్వాత అదే. గ్రేట్ బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనలులో అమిత్ రోహిదాస్‌కు ఎర్ర కార్డు చూపగా, రెండు భాగాలకు మించిన సమయం పదిమందితోనే ఆడి, 1–1 వద్ద నిలిపి, షూటౌట్‌లో 4–2తో నెగ్గారు. ఆ ఆటలో నాట్యమేమీ లేదు. గోల్ ముందు గోడ కట్టినట్లు నిలబడ్డారు. పాతకాలపువారు దానిని చూసి ముఖం చిట్లించినా చిట్లించవచ్చు. నాకు మాత్రం క్లాడియస్ తరం చూపిన నైపుణ్యానికి అది నిజమైన వారసత్వంగా తోచింది: వారూ తమ నేలకు తగిన ఆటే ఆడారు.

ఇక విద్యార్థులకు సంబంధించిన మాట. రాజ్‌నంద్‌గావ్‌ను హాకీకి పుట్టినిల్లు అంటారు. దుర్గ్ నుంచి సబా అంజుమ్ వచ్చారు. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచిన జట్టులో ఆడి, తర్వాత భారత మహిళా జట్టుకు నాయకత్వం వహించి, పద్మశ్రీ పొందారు. ఈ ప్రాంతపు పిల్లలలో ఆటకు కొదువ లేదు. కాని గ్రామీణ పాఠశాలలలో నేటికీ మట్టి నేలే. అక్కడ ఆడే పిల్ల మట్టి నేలకు తగిన ఒడుపు నేర్చుకుంటుంది. జిల్లా దాటి పోటీకి వచ్చిననాడు మొదటిసారిగా కృత్రిమ పచ్చికమీద నిలబడుతుంది. బంతి ఆమె అనుకున్నదానికంటె ముందే వచ్చి దాటిపోతుంది. అరగంటలో ఆమెకు ఆట రాదని చీటీమీద రాస్తారు. అది ఆమె సామర్థ్యానికి కొలత కాదు, మన ఏర్పాట్లకు కొలత.

ఆ పరిస్థితిలో పాఠశాలలు ఏమి కొంటున్నాయో చూస్తే విచారం కలుగుతుంది. ముందుగా రంగుల జెర్సీలు, తర్వాత మెరిసే కార్బన్ కర్రలు. హాకీ నియమాల ప్రకారం కర్ర 737 గ్రాములకు మించకూడదు, 51 మిల్లీమీటర్ల వ్యాసంగల వలయం గుండా దూరాలి, దాని ఒంపు 25 మిల్లీమీటర్లకు మించకూడదు. దానిపై ఏ సంస్థ ముద్ర ఉన్నదన్న సంగతి ఆ వలయానికి పట్టదు. మొదట కర్ర పట్టే బాలునికి మామూలు కొయ్య కర్ర చాలు. మిగిలిన డబ్బుతో బంతులు కొనండి. పదిమందికి ఒక బంతి ఉంటే తొమ్మిదిమంది చూస్తూ నిలబడతారు.

రాయ్‌పూర్‌లోను, రాజ్‌నంద్‌గావ్‌లోను కృత్రిమ మైదానాలు ఉన్నాయి. పెద్ద పోటీలు ఏడాదిలో కొద్ది రోజులే. మిగిలిన రోజులలో, ముఖ్యంగా జిల్లా ఎంపికలకు ముందు పది పదిహేను రోజులు, మట్టి నేల పాఠశాలల జట్లకు వంతులవారీగా ఆ మైదానాలను ఇవ్వవచ్చు. వారి బస్సు చార్జీ, రాత్రి భోజనం, పడకకు ఒక పాఠశాల గది – ఇవే ఖర్చులు. ఒక ప్రారంభోత్సవానికి కట్టే తోరణాల ఖర్చుతో కొన్ని జట్లకైనా ఈ వసతి కలుగుతుందని నా నమ్మకం. వచ్చిన పిల్లలను మొదటిరోజు ఒకసారి, చివరిరోజు ఒకసారి కొలిచి చూడండి: వచ్చే పది బంతులలో ఎన్నింటిని ఆపారు, ముప్ఫై మీటర్లు ఎన్ని సెకండ్లలో పరుగెత్తారు. ఆ రెండు అంకెలను పక్కపక్కన రాసి, ఎంపిక చేసేవారి ముందు పెట్టండి.

సమయం మించిపోయినదని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. పెనాల్టీ కార్నర్ కొట్టే విధానం చూపమని ముందుగానే అడిగిన విద్యార్థులు సభానంతరం వెలుపల ఆవరణలో ఉండండి. ఒక కర్ర, నాలుగు బంతులు తెచ్చాను.